ఎదుటి పార్టీ సంతకం

మా నాయన ఓబుళేసు తన చావు సంగతి మాట్లాడింది ఇంట్లో కాదు, అనంతపురం కోర్టు క్యాంటీన్లో, ఉగ్గాని బజ్జీ తింటూ.

"పాపా, మనిషికి పైపులు పెట్టొద్దని ముందే రాసిపెట్టుకోవచ్చంట గదా. పేపర్లో చదివినా. నాకొకటి రాయి," అన్నాడు. బజ్జీలో ఉప్పు సరిపోయిందని చెప్పిన గొంతుతోనే.

నేను వకీలును. పేరు ప్రసూన. నాకు కోపం ఎక్కువని జడ్జీల దగ్గర నుంచి జిరాక్స్ షాపు వాళ్ళ దాకా అందరికీ తెలుసు. అప్పుడూ వచ్చింది. నిక్షేపంగా ఉన్న మనిషి, గార్లదిన్నె పక్క మా ఊరి నుంచి బస్సులో నిలబడి వచ్చిన మనిషి, పొద్దున్నే ఈ పాడు మాటలేమిటని కసిరాను. ఆయన నింపాదిగా నా ప్లేట్లోంచి ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

"మీ పెదనాయన బయ్యన్నను చూసినావు గదా."

చూశాను. బయ్యన్న మా నాయనకు సొంత అన్న, ఊరి సహకార సొసైటీకి ప్రెసిడెంటు. మెదడులో నరం చిట్లి పడిపోతే గొంతులో గొట్టం వేశారు. పీక్కుంటాడని రెండు చేతులూ మంచానికి కట్టేశారు. ఇక లేవడని డాక్టర్లు తేల్చి చెప్పినా మా పార్టీ వాళ్ళు ఆ గొట్టం తియ్యనివ్వలేదు. సొసైటీ ఎలక్షన్లు దగ్గర పడ్డాయి మరి. ప్రెసిడెంటు కోలుకుంటున్నాడని ఊరంతా చెప్పుకుంటూ ఓట్లడిగారు, గెలిచారు. గెలిచాక గానీ ఆయన్ను పోనివ్వలేదు. మా నాయన ఆ కట్లు మరిచిపోలేదు.

సరే, చట్టం చెప్పాను. సూది వేసి పంపించడం మన దేశంలో కుదరదు, అది అడగొద్దు. కానీ ఇక బాగుపడే ఆశ లేదని డాక్టర్ల బోర్డులు రెండూ తేలిస్తే, మిషన్లతో ఊపిరి లాగించొద్దని తెలివిలో ఉండగానే రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి, నోటరీ కావాలి, నకలు పంచాయతీలో ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, నోరు లేవని రోజున మన తరఫున నిలబడి 'ఇక చాలు' అని చెప్పే మనిషి పేరు అందులో ఉండాలి.

"సూది నాకెందుకు? నా దోవకు అడ్డం నిలబడొద్దండప్పా అంటాండా, అంతే. పేరు చెప్తా, రాసుకో."

పెన్ను తీశాను. నా పేరు తప్ప ఇంకెవరి పేరు చెప్తాడు అనుకున్నాను.

"గంగాధరప్ప," అన్నాడు.

నా చేతిలో టీ సగం ఒలికి కోటు మీద పడింది. పెదనాయన పోయాక మా పార్టీకి నాయనే లీడరు, గంగాధరప్ప ఎదుటి పార్టీ లీడరు. మా ఊళ్ళో పార్టీలు రెండు కాబట్టి టీ హోటళ్ళు కూడా రెండు. వాళ్ళ హోటల్లో మా వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు. పెళ్ళిళ్ళకు పిలుపుల్లేవు. చావుకు మాత్రం పార్టీ చూడకూడదని కట్టుబాటు కాబట్టి ఎవరైనా పోతే వచ్చి, శవం మీద దండ వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పోతారు.

దానికి తోడు బోరు గొడవ. మా నాయనకు చీనీ తోట ఉండేది, బత్తాయిలను మా వైపు చీనీ అంటారు. మా గట్టుకు ఆనుకుని అవతల గంగాధరప్ప బోరు వేయించాడు, మా దానికంటే లోతుగా. ఆ ఎండాకాలమే మా బోరు ఎండింది, కాపు మీదున్న చెట్లు నిలువునా మాడిపోయాయి. మా నాయన కేసు వేశాడు. ఆ కేసు చూస్తూ పెరిగి నేను వకీలునయ్యాను, చివరికి ఆ కేసే నా చేతికొచ్చింది. కావాలనే పక్కన వేశావా లేదా అని గంగాధరప్పను బోనులో నిలబెట్టి ఎన్ని రకాలుగానో అడిగాను. "అంతా గంగమ్మ తల్లి ఇష్టం లాయరమ్మా," అని నవ్వేవాడు తప్ప ఒక్క మాట జారలేదు. ఆ నవ్వు తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మంట.

"నీకు మతి గానీ పోయిందా నాయనా? దివాకర్ ఉన్నాడు కదా," అన్నాను. దివాకర్ నా తమ్ముడు.

"వాడు చాలంటే ఊరేమంటాది? భూమి కోసం నాయన్ను సంపుకొన్యాడంటాది. ఆ మాట మోసుకొని వాడు యాడ తిరగాల?"

"మరి నేను?"

"నువ్వా! నువ్వు యముని మీద గూడా స్టే తెచ్చే రకం. ఓడిపోయేది నీకు చేతగాదు."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు కాగితం రాసిపెట్టాను. ఆయన చెప్పినట్టే.

గంగాధరప్పకు నాయనే ఫోను చేశాడు. "ఒకసారి అనంతపురానికి రాప్పా, మా పాప ఆఫీసుకు. ఒక కాయితం మీద సంతకం పెట్టాల," అని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఇంకొంచెం వివరంగా చెప్పి ఉండాల్సింది. మా సీమలో ఇద్దరు ఎదుటి పార్టీ లీడర్లు వకీలు దగ్గర కాగితం మీద సంతకాలు పెడుతున్నారంటే దానికి ఒకటే అర్థం, రాజీ. సాయంత్రానికి రెండు హోటళ్ళలోనూ అదే మాట. ఓబుళేసు పార్టీ మారుతున్నాడని ఒకరు, గంగాధరప్పే కాళ్ళబేరానికి వచ్చాడని ఒకరు. పై నాయకులు ఫోన్ల మీద ఫోన్లు చేశారు.

నా ఆఫీసు ఒక జిరాక్స్ షాపు పైన, ఇరుకు మెట్ల మీద. పొద్దున చూస్తే మెట్ల నిండా జనం, ఎడమ పక్క మా వాళ్ళు, కుడి పక్క వాళ్ళ వాళ్ళు. గంగాధరప్ప తెల్లపంచె తళతళలాడిస్తూ వచ్చాడు. వెంట వాళ్ళ వకీలు హేమావతి, ఆమె వెనక సంచీతో ఒక మనిషి. సంచీలోంచి పార్టీ కండువా కొస బయటికి వేలాడుతోంది. మా నాయన మెడలో వేసి ఫోటో తీయించుకోవడానికి తెచ్చారు.

"సంచి పక్కన పెట్టించప్పా. అది యేసుకొనేకి పిలవలేదు," అన్నాడు నాయన.

సంగతి విన్నాక గంగాధరప్ప కుర్చీలో కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. పాము పడగను చూసినట్టు కాగితాన్ని చూశాడు.

"ఇదేదో ఎత్తు! రేపొద్దు నువ్వు పోతావు. నేను సరే అన్యానని నీ కొడుకు నా మీద మర్డరు కేసు పెడ్తాడు. కోర్టులో గెలవలేక నన్ను సచ్చి సాధించేకి చూస్తాండావు!"

హేమావతి కాగితాన్ని వెలుతురుకు పట్టి, వెనక్కి తిప్పి, ఒక్కో వాక్యం వేలుపెట్టి చదివింది. మా ఇద్దరికీ కోర్టులో క్షణం పడదు, అయినా చదివాక నా వైపు చూసిన చూపులో ఎప్పటి వెటకారం లేదు. "ఇందులో మోసమేం లేదు సార్. డాక్టర్లు రెండుసార్లు తేల్చాలి, మెజిస్ట్రేటుకు తెలియజేయాలి, అప్పుడే మీ మాట. మీరు చంపేదేం లేదు, ఆపమని చెప్పడమే," అంది.

"ఆపితే సచ్చిపోతాడు గదమ్మా. తేడా ఏముండాది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి తీర్పులున్నాయి, పేజీలకు పేజీలు. నేను నోరు తెరిచేలోపు నాయనే అందుకున్నాడు.

"ఎండిపోయిన చెట్టుకు డ్రిప్పు పెడితే పైపు తడుస్తాది గానీ చెట్టు తడుస్తాదా గంగాధరా? పైపు తీసినోడు చెట్టును సంపినోడు కాదు."

"ఆ మాటేదో నీ కొడుకుతో చెప్పుకో. నన్నెందుకు ఇరికిస్తావు?"

"మావోళ్ళకు నాతో పనుండాది, పోనియ్యరు. నా పిల్లోళ్ళకు ప్రేముండాది, పోనియ్యలేరు. నేనుంటే నీకు లాభం లేదు, పోతే వచ్చేదీ లేదు. అదీగాక ఇన్నేండ్లలో నువ్వు నా మొగం మీద ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఒక్క బోరు సంగతి తప్ప."

గంగాధరప్ప మొహం కందగడ్డయింది. కాసేపు కిటికీలోంచి కింద జనాన్ని చూశాడు. "భయపడతాండావా ఏమప్పా?" అన్నాడు నాయన, కావాలనే. ఆ మాట అన్నాక గంగాధరప్ప సంతకం పెట్టకుండా పోతాడా? నా పెన్ను లాక్కుని, కాగితం చిరిగేలా పెట్టాడు. కోర్టు దగ్గర స్టాంపులమ్మే ఆయన, క్యాంటీన్ ఓనరు సాక్షులు. కండువా తెచ్చిన మనిషి సంచీతో అలాగే దిగిపోయాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఊరు నవ్వలేక చచ్చింది. నకలు పంచాయతీలో ఇవ్వగానే ఊరంతా తెలిసిపోయింది. దివాకర్ అలిగి నాయనతో ఒక పూట అన్నం తినలేదు. గంగాధరప్పకు మాత్రం కొత్త ఉద్యోగం దొరికినట్టయింది. నాకు ఫోను చేసేవాడు. "లాయరమ్మా, మీ నాయన పెండ్లి భోజనంలో ఊరగాయ రెండుసార్లు ఏయించుకున్యాడంట. బీపీ మనిషి! నాకు పనిబెట్టేకే చూస్తాండాడు." అదే ఊళ్ళో ఎదురుపడితే నాయన గొంతు పెంచేవాడు. "ఇంగా ఉండానప్పా గంగాధరా, తొందర పడొద్దు!" ఆయన ఊరుకుంటాడా? "నీ ఆరోగ్యమే నాకు శాపమప్పా!" అని అరిచేవాడు. ఇన్నేళ్ళూ తమ మనుషుల చేత ఒకరినొకరు తిట్టించుకున్నవాళ్ళు ఇప్పుడు నేరుగా తిట్టుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండేది, నాయనకు మాత్రం ఎన్నడూ లేని హుషారు.

ఒక పొద్దున చీనీ మార్కెట్లో వేలంపాట చూస్తూ నాయన కూలబడిపోయాడు. మెదడులో రక్తస్రావం, అన్న దారే. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చేసరికే స్పృహ లేదు, ఊపిరి ఆడించే మిషను పెట్టారు. మొదటి రోజు పెట్టాల్సిందే, అందులో తప్పు లేదు. రోజులు గడిచాయి. ఐసీయూ చూసే డాక్టర్ ఎలిజబెత్ మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి దాచకుండా చెప్పింది. మెదడు చాలావరకు పోయింది, మిషను తీస్తే ఊపిరి నిలవదు, మిషనుంటే ఇలాగే ఉంటాడు. నేను కాగితం ఆమె ముందు పెట్టాను. ఆసుపత్రి బోర్డు చూసింది, జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరుతో రెండో బోర్డు చూసింది. రెండూ ఒకటే మాట.

కింద గేటు దగ్గర మా పార్టీ వాళ్ళు. మళ్ళీ సొసైటీ ఎలక్షన్లు. "అన్న కోలుకుంటాండాడు" అని వాళ్ళలో ఎవరో ఫోన్లో చెప్పడం నా చెవులారా విన్నాను. పై అంతస్తులో దివాకర్ గోడకు తల ఆనించి, "ఇంకొన్ని రోజులు చూద్దాం అక్కా, మన నాయన గదక్కా," అని ఏడుస్తున్నాడు. నిజం చెబితే నాకూ అదే అనిపించింది. ఇంకొన్ని రోజులు, ఇంకొక్క స్కాను. కానీ మా ఇద్దరి ఇష్టంతో పని లేకుండా చేసి పెట్టాడు నాయన. పిలవాల్సింది గంగాధరప్పను.

గంగాధరప్ప ఫోను స్విచ్ఛాఫ్. కారేసుకుని ఊరికి పోయాను. ఇంట్లో లేడు, తోటలో ఉన్నాడన్నారు. మోటారు గది వెనక మట్టిలో కూర్చుని ఉన్నాడు, తెల్లపంచె మాసిపోయి, గడ్డం పెరిగి.

"నేను రాను. వాడు లేస్తాడు. మొండోడు, లేస్తాడు," అన్నాడు నన్ను చూడకుండానే.

"లేవడు మామా. రెండు బోర్డులు చెప్పాయి."

"బోర్డులకు ఓబుళేసు తెలుసునా? నాకు తెలుసు. నేను చాలనను."

నాకు కోపం నషాళానికంటింది. మా నాయనకు కూడా గొట్టం వేసి పడుకోబెట్టారని, ఆయన ప్రపంచంలో భయపడింది ఆ ఒక్కదానికేనని, సొంత పిల్లల్ని కాదని నిన్ను నమ్మాడని, నమ్మినవాణ్ణి అక్కడ వదిలేసి నువ్వు ఇక్కడ మోటారు చాటున దాక్కున్నావని, పిరికివాడివని, ఏకవచనంలో, పక్క తోటల వాళ్ళు తొంగిచూసేలా అరిచాను. చివరికి గొంతు పోయింది. ఆయన లేచి పంచె దులుపుకుని వచ్చి కార్లో కూర్చున్నాడు.

ఐసీయూలోకి మా ఇద్దర్నే పంపారు. నాయన చేతులు రెండూ గుడ్డపట్టీలతో మంచం కమ్మీలకు కట్టి ఉన్నాయి. మొదటి రోజు కదిలించాడని కట్టారంట, కదలడం మానేశాక విప్పాలని ఎవరికీ తోచలేదు.

గంగాధరప్ప మంచం దగ్గరికి పోయి వంగాడు.

"ఏమప్పా ఓబుళేసూ. నేను వచ్చినా."

మిషను తన లెక్కలో తాను ఊపిరి తోస్తోంది.

"ఈ తూరి సొసైటీ మాదే. రాసి పెట్టుకో." ఆగి, మొహం చూశాడు. "మీ హోటల్లో టీ నా ఎద్దు గూడా తాగదు." మళ్ళీ ఆగాడు. "నీ పార్టీవోళ్ళు నిన్ను అమ్ముకుంటాండారు కిందన. సిగ్గులేదా నీకు, పడుకోనుండావు?"

ఏ సభలోనైనా ఇందులో సగానికే మా నాయన మైకు లాక్కునేవాడు. గంగాధరప్ప వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ వంగి చెవి దగ్గర నోరు పెట్టాడు. అయినా నాకు వినపడింది.

"ఆ బోరు నేను కావాలనే ఏయించినా. నీ తోట ఎండిపోవాలనే, నీ గట్టు పక్కన, నీ కన్నా లోతుగా. గంగమ్మ లేదు, ఏం లేదు. కోర్టులో చెప్పిందంతా అబద్ధం. నీ చెట్లను నేనే సంపినా ఓబుళేసూ. యిన్యావు గదా? లెయ్ ఇంగ. లేసి తిట్టు నన్ను."

ఈ ఒక్క మాట ఆయన నోట రప్పించడానికి బోనులో నేను పడని పాట్లు లేవు. ఇప్పుడు వచ్చింది, నాకు అక్కరలేదు. నేను కూడా నాయన మొహమే చూస్తున్నాను. లేవాలని, కనీసం కనుబొమ్మైనా ముడవాలని. ఆ మాటకు లేవకపోతే ఇక దేనికీ లేవడు.

రెప్ప కదల్లేదు.

గంగాధరప్ప చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు.

"ఈ మాట యిని గూడా గమ్మునుండాడంటే, ఓబుళేసు ఈడ లేడమ్మా. యెప్పుడో పోయినాడు," అన్నాడు. నర్సు వద్దంటున్నా వినకుండా చేతుల కట్లు తనే విప్పాడు. ఒక ముడి రాకపోతే పళ్ళతో లాగాడు.

డాక్టర్ ఎలిజబెత్ గదిలో సంతకం పెట్టాడు. మెజిస్ట్రేటుకు ఆసుపత్రి వాళ్ళు తెలియజేశారు. మిషను తీసేముందు నొప్పి తెలియకుండా మందు ఇచ్చారు. దివాకర్ నాయన కాళ్ళు పట్టుకున్నాడు, నేను తల దగ్గర కూర్చున్నాను. కొంతసేపు తనంతట తానే ఊపిరి తీసుకున్నాడు. తర్వాత తీసుకోలేదు.

బయట కారిడార్లో మా వాళ్ళూ, వాళ్ళ వాళ్ళూ నిండిపోయారు. ఎవడో దివాకర్ వైపు వేలు చూపించి, "కొడుకే తీసేయమన్యాడంట," అన్నాడు. గంగాధరప్ప ఆ గుంపు మధ్యకు నడిచాడు.

"ఎవుడ్రా ఆ మాటన్యది? చాలు అన్యది నేను. ఈ పిల్లోడు కాదు, ఆ పాప కాదు. నేను. తిట్టేదుంటే నన్ను తిట్టండి, కొట్టేదుంటే నన్ను కొట్టండి."

ఎవ్వరూ తిట్టలేదు. మా నాయన ఈయన పేరే ఎందుకు రాయించాడో నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. దివాకర్ వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

అంబులెన్సు కోసం కింద బెంచీ మీద ఎదురుచూస్తున్నాం. గంగాధరప్ప నా పక్కనే కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఒక్క రోజులో ముసలివాడైపోయాడు.

"నాకూ అట్లాంటిదొకటి రాయి లాయరమ్మా," అన్నాడు.

"రాస్తాను మామా. ఎవరి పేరు పెట్టను?"

ఆలోచించాడు. వేళ్ళ మీద ఎవరెవరినో అనుకున్నాడు, ఒక్కొక్కరినే వదిలేశాడు. "మా పిల్లోళ్ళు చెప్పలేరు. మావోళ్ళు చెప్పరు. నా మీద అంత పగ పెట్టుకున్యోడు ఊర్లో వాడొక్కడే ఉండె," అన్నాడు. "ఇంగ నాకెవురుండారమ్మా?"

"నా పేరు రాసుకో. నువ్వంటే నాకు చిన్నప్పటి నుంచి పడదు. ఆ సంగతి కోర్టు రికార్డుల్లోనే ఉంది," అన్నాను.

ఆయన తల తిప్పి నా మొహం వైపు, తర్వాత కిందికి, మా చేతుల వైపు చూశాడు.

"నువ్వు పనికిరావు పాపా," అన్నాడు. "నా చెయ్యి పట్టుకొని ఏడుస్తాండావు."